బావ వల్ల ప్రాణభయం

నడికుడి,
3 ఫిబ్రవరి 2024

సుహైల్ గారికి,

నేను ఆరోగ్యస్వామిని, షెర్లీ అన్నను. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరిద్దరూ, పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ చిరునామా మీ మేనమామ కాలేషా గారు ఇచ్చారు. ఇవ్వడానికి చాలా రోజులు ఆలోచించారు. అందులో తప్పేమీ లేదు. ఐదేళ్ల కిందట మీరూ మా చెల్లెలూ పెళ్లి చేసుకున్న వారంలోనే ఆయన పరుపుల దుకాణంలోకి గొడ్డలి పట్టుకుని వచ్చినవాడిని నేనే. మీరు వెనక తలుపు నుంచి వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేకపోయారు. గొడ్డలి తిరగేసి కొట్టాను కాబట్టి ఆయన ఇవాళ ఉన్నారు. తర్వాత మీరు హైదరాబాద్‌లో ఉన్నారని తెలిసి, మా పెదనాన్న కొడుకు బాబీతో కలిసి అక్కడికీ వచ్చాను. ఇవన్నీ మీకు తెలిసినవే. ఉత్తరం రాసేవాడు ఎవరో దాచకూడదని రాస్తున్నాను.

అమ్మానాన్నా పోయాక షెర్లీని పెంచినవాడిని నేను. అడక్కుండా పెళ్లి చేసుకుందని తల తిరిగింది. అది అప్పటి మాట. ఇప్పుడు మనసులో ఏమీ లేదు.

నా పని ఇప్పటికీ దాచేపల్లి రోడ్డులో లారీల కాటా దగ్గరే. సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రాయి తూచి చీటీ రాసిస్తాను. కేసు వాయిదాకు గురజాల వెళ్తాను. నా పేరు పిలుస్తారు, ఉన్నానంటాను, ఇంకో తేదీ చెబుతారు, బస్సెక్కి వచ్చేస్తాను. కొట్టిన రోజు కూడా హాయిగా నిద్రపోయాను గానీ, ఈమధ్య వాయిదా వస్తోందంటే చాలు, నిద్ర పట్టడం లేదు.

కాలేషా గారితో కేసు రాజీ చేసుకోవాలని ఉంది. ఫిర్యాదు ఇచ్చింది ఆయనే కాబట్టి ఆయన ఒప్పుకుంటే చాలట. మీకు అభ్యంతరం ఉంటే రాయండి. షెర్లీకి చెప్పండి: ఇక్కడ ఎవరి వల్లా ఏ భయమూ లేదు, ఎప్పుడైనా రావచ్చు.

ఇట్లు,
ఆరోగ్యస్వామి


లీడ్స్,
9 మార్చి 2024

ఆరోగ్యస్వామి గారికి,

మిమ్మల్ని బావగారూ అని పిలవాలో, ముద్దాయి గారూ అని పిలవాలో తేలక కాగితాలు చించాను. చివరికి పేరే రాశాను.

మా సంగతి మీకు తెలిసినట్టు లేదు. చదువు వీసా మీద ఇక్కడికి వచ్చాం. అది అయిపోయింది. తిరిగి వెళ్తే షెర్లీ అన్న మమ్మల్ని చంపుతాడు, కాబట్టి ఇక్కడే ఆశ్రయం ఇవ్వండని ఈ ప్రభుత్వాన్ని అడిగాం. శరణార్థి హోదా అంటారు దాన్ని. ఇస్తే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఇవ్వకపోతే విమానం ఎక్కిస్తారు. ఆ అర్జీలో నా పేరుకన్నా మీ పేరే ఎక్కువసార్లు ఉంది.

మూడేళ్లు ఆలోచించి, మొన్న డిసెంబరులో కాదన్నారు. ఇండియా చాలా పెద్ద దేశం, ఇంకో ఊరు చూసుకోండి అన్నారు. హైదరాబాద్ దాకా వెతుక్కుంటూ వచ్చారయ్యా అంటే, ఇండియా హైదరాబాద్ కన్నా కూడా పెద్దదన్నారు. కోర్టులో అప్పీలు వేశాం.

ఇలాంటప్పుడు మీ ఉత్తరం వచ్చింది. మా మామ మీకిచ్చింది మా లాయరమ్మ ఆఫీసు చిరునామా. ఆవిడకు తెలుగు చదివి చెప్పే ఆమెది తెనాలి. ‘ఇక్కడ అందరం క్షేమం’ అని చదవగానే లాయరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మా వైపు ఇల్లు తగలబడుతున్నా ఉత్తరం అలాగే మొదలుపెడతాం అని తెనాలి ఆమె సర్దిచెప్పింది. మీ చివరి వాక్యాన్ని మాత్రం ఆమె కూడా సర్దలేకపోయింది.

మీరు మారినందుకు సంతోషం. వెటకారం కాదు. కానీ మమ్మల్ని వెనక్కి పంపడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం మా శత్రువులు కూడా రాసి ఇవ్వలేరు. దయచేసి రాజీ పడకండి. కొంతకాలం ముద్దాయిగానే ఉండండి.

మీ చెల్లెలి సంగతి. మమ్మల్ని ఒక హోటల్ గదిలో ఉంచారు. పని చేయడానికి అనుమతి లేదు. ఆమె సాయంత్రం కాగానే బట్టలన్నీ సంచిలో సర్దుతుంది, పొద్దున్నే తీస్తుంది. ఎవరైనా తలుపు కొడితే పాపను ఎత్తుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. వచ్చింది దుప్పట్లు మార్చే అమ్మాయని తెలిసినా అంతే. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. హోదా వస్తే వీటితో పని ఉండదు అన్నది కూడా ఆయనే. హోదా రాసివ్వడం ఆయన చేతిలో లేదు.

సుహైల్


నడికుడి,
12 మే 2024

బావకు,

నువ్వు జవాబు రాయలేదు. అభ్యంతరం ఉంటే రాయమన్నాను కాబట్టి లేదని అర్థం చేసుకున్నాను. ఇక నువ్వనే పిలుస్తాను. శుభవార్త చెప్పేవాడికి ఆ చనువు ఉండాలి.

ఈస్టర్ అయ్యాక కాలేషా గారి దుకాణానికి వెళ్లాను. గుమ్మంలో నన్ను చూసి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“ఏందయ్యా స్వామీ, ఈసారి ఏం పట్టుకొచ్చావ్?”

“చేతులు చూడు బాబాయ్, ఏం లేవు. పరుపు కుట్టించుకుందామని వచ్చా.”

“నీకు పరుపు కుడితే దూదిలో సూదులు గూడా పెట్టి కుడతా.”

“పెట్టు. నాకెట్టాగూ నిద్ర పట్టట్లా.”

ఆయన కాసేపు నా మొహం చూసి, “నాకూ పట్టట్లేదయ్యా,” అన్నారు. “నువ్వు ముద్దాయివి, నేను ఫిర్యాదిని. ఇద్దరం ఒకే బస్సులో గురజాల పోతాం, ఒకే బస్సులో వస్తాం. మొన్న కండక్టరు ఇద్దరూ కలిసేనా అని ఒకే టిక్కెట్టు కొట్టాడు.” ఇద్దరం నవ్వాం. నవ్వాక ఇంకేం ఉంటుంది.

నిన్న లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఐదేళ్ల కేసు, చాయ్ చల్లారేలోపు తీరిపోయింది. ఆర్డరు కాపీకి సీలు వేయించి ఇందులో పెట్టాను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఇది చూపిస్తే అక్కడి వాళ్లు కూడా మీకు ఇబ్బంది లేదని తెలుసుకుంటారు.

మీరు ప్రభుత్వం ఖర్చుతో హోటల్లో ఉంటున్నారని ఊళ్లో అనుకుంటున్నారు. దేవుడు చల్లగా చూశాడు. మాకు ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రాయి లారీల మీద చెయ్యి పెడితే కాలుతోంది.

పరుపు బాగా కుదిరింది. సూదులు లేవు.

నీ బావ,
ఆరోగ్యస్వామి


నడికుడి,
20 మే 2024

బావా,

నువ్వు మార్చిలో రాసిన ఉత్తరం ఇవాళ అందింది. ఊళ్లో ఇంకో ఆరోగ్యస్వామి ఉన్నాడు, చర్చిలో ప్రార్థన చెప్పించే ఉపదేశి. విదేశీ స్టాంపు చూసి అది మిషనుకు వచ్చిందనుకుని పోస్టుమాన్ ఆయన ఇంట్లో వేసి వెళ్లాడు. ఆయన వేలాంగణ్ణి యాత్ర ముగించుకుని నిన్న వచ్చాడు.

నేను పంపిన రిజిస్టరు పోస్టు తెరవవద్దు. వెనక్కి పంపెయ్యి.

ఆరోగ్యస్వామి


లీడ్స్,
17 జూన్ 2024

బావగారికి,

తెరవవద్దన్న ఉత్తరం కన్నా తెరవకూడనిది ముందు వచ్చింది. లాయరమ్మ దాన్ని చదివించుకుని, నేను కోర్టులో అబద్ధం ఆడను అన్నారు. రాజీ అయిందా అని అడిగితే అయిందనే చెబుతారట. నేను కూడా ఆడమనలేదు. మేం నిజం చెప్పే ఇంతదాకా వచ్చాం. చెప్పినప్పుడు అది నిజమే. వాళ్లు వినడానికి మూడేళ్లు తీసుకునేసరికి నిజానికి వయసు మళ్లింది, అంతే.

ఆర్డరు కింద మీ సంతకాన్ని షెర్లీ చాలాసేపు చూసింది. ‘మా అన్న ఇప్పటికీ చివర గీత గీస్తాడు’ అని నవ్వింది. ఆమె నవ్వు విని పాప భయపడి నా దగ్గరికి వచ్చింది. దానికి అలవాటు లేదు.

మీ రాజీతో ఆమె కుదుటపడుతుందని నేనూ ఆశపడ్డాను. జరిగింది వేరు. ఇన్నాళ్లూ తను ఎందుకు భయపడుతోందో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ కారణాన్ని మీరు తీసేశారు, భయాన్ని మాత్రం వదిలేశారు. ‘నేనే కల్పించుకున్నానా సుహైల్, అన్న నిజంగా వచ్చాడా?’ అని అడుగుతోంది. మొన్న లాయరమ్మ దగ్గర దుకాణంలో గొడవ జరిగిన నెల కూడా చెప్పలేకపోయింది. ఆమె తేదీలు మరిచిపోతే, అది అబద్ధమని రాసుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారు. తేదీలు మరిచిపోయేలా చేసింది వాళ్లు పెట్టిన నిరీక్షణే అని రాసుకునేవాళ్లు లేరు.

నా సంగతి అడిగితే, నేను ఊళ్లో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి కదా, ఈ హోటల్లో ఆగిపోయిన ఫ్యాను ఒకటి బాగుచేశాను. మేనేజరు వచ్చి, నీకు పని చేయడానికి అనుమతి లేదు, మళ్లీ చేస్తే రిపోర్టు రాయాలి అన్నాడు. ఆ గాలికే కూర్చుని అన్నాడు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను, తిట్టుకోకండి. మీలో నా మీద కోపం కాస్తయినా మిగిలిందేమో వెతికి చూడండి.

సుహైల్


నడికుడి,
20 ఆగస్టు 2024

బావా,

నువ్వు చెప్పినట్టే వెతికాను. లారీలు లేనప్పుడు కాటా గదిలో కూర్చుని నిన్ను తలుచుకున్నాను. నువ్వు మా వీధి మొదట్లో బండి ఆపి హారన్ కొట్టడం, ట్యూషన్‌కని చెప్పి షెర్లీ దాని మీద ఎక్కడం. కొంచెం వేడెక్కింది. ఇంతలో ఓవర్‌లోడుతో వచ్చిన డ్రైవరొకడు నా కాటాయే తప్పన్నాడు. ఉన్న కోపం కాస్తా వాడి మీద ఖర్చయిపోయింది.

ఉందని అబద్ధం రాసిస్తే నిలబడదు. నాకు అబద్ధం చేతకాదు. పోలీసులు అడిగినప్పుడు కూడా గొడ్డలి నాదేనన్నాను. షెర్లీకి చెప్పు, నేను వచ్చింది నిజమే. కాలేషా గారి భుజం ఇప్పటికీ పైకి లేవదు. అందులో కల్పన ఏమీ లేదు.

మరియమాత పండగ బాగా జరిగింది. నీకు సంబంధం లేని ఒక చిన్న గొడవ తప్ప. భోజనాల దగ్గర బాబీ తగులుకున్నాడు.

“ఏందిరా స్వామీ, పరుపు మెత్తగుందా?”

“బానే ఉంది.”

“ఉండదా మరి! ఇంటి పరువు అమ్మి కొన్న పరుపాయె.”

“కేసు అయిపోయింది బాబీ. ఇంక వదిలెయ్.”

“నీ కేసు అయిపోయింది. నాది మొదలే కాలా. ఆ ఇద్దర్నీ రానీ. రైలు దిగితే నడికుడి, బస్సు దిగితే దాచేపల్లి. ఏడ దిగినా నేనుంటా. అడ్డమొస్తే నిన్ను గూడా చూసుకుంటా.”

తాగి అన్నాడు. తాగనప్పుడు కూడా అదే అంటాడు గానీ, ఇంత గట్టిగా అనడు. సాంబారు చల్లారిపోతోందని నేను లేచి వచ్చేశాను. నిన్ను కంగారు పెట్టాలని రాయలేదు. షెర్లీకి చెప్పకు.

ఆరోగ్యస్వామి


లీడ్స్,
2 అక్టోబర్ 2024

బావగారికి,

మా అర్జీ మొత్తంలో లేని బలం, ‘నీకు సంబంధం లేని చిన్న గొడవ’ అని మీరు రాసిన పేరాలో ఉంది. లాయరమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. సాంబారు ముక్క అక్కర్లేదన్నారు. అయితే వట్టి ఉత్తరం చాలదట. బాబీ ఇలా బెదిరించాడని మీరు పోలీసులకు ఫిర్యాదు ఇస్తే, అది ఒక ఆధారం అవుతుందట.

మీ రక్తసంబంధం మీద మిమ్మల్ని ఫిర్యాదు ఇమ్మంటున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మేం అప్పీలు వదులుకుని తిరిగి వెళ్లిపోతామంటే టిక్కెట్టు ఈ ప్రభుత్వమే కొంటుంది. షెర్లీ ఆ ఫారం తెచ్చుకుని దిండు కింద పెట్టుకుంది. వద్దే అంటే, ‘చస్తే అక్కడే చద్దాం, ఈ తలుపు చప్పుడు ఇంక వినలేను’ అంటోంది. మా అన్న రమ్మన్నాడు కదా అంటోంది. ఆమె దగ్గర మీ మొదటి ఉత్తరం ఒక్కటే ఉంది. బాబీ మాటలు ఆమెకు చెప్పవద్దన్నారు మీరు. చెబితే ఆగుతుంది, కానీ ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే సంతకం చేస్తుంది.

చెప్పలేదు. ఫారం మాత్రం నేను తీసి దాచాను. రోజూ అడుగుతోంది. హోటల్ వాళ్లు ఊడ్చేశారేమో అంటున్నాను.

తొందరగా చేయండి.

సుహైల్


నరసరావుపేట,
19 జనవరి 2025

బావా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు నిలబడకపోతే ఏమీ అనుకోకు. కుడి చెయ్యి కట్టులో ఉంది. దవడకు తీగ కట్టారు. గంజి తాగుతున్నాను. ఇది ఆసుపత్రి. నాలుగు రోజుల్లో పంపించేస్తామన్నారు.

నీ ఉత్తరం వచ్చాక ఫిర్యాదు ఇద్దామని తేల్చుకోవడానికి క్రిస్మస్ దాటింది. వెళ్లేముందు బాబీకి ఒక మాట చెప్పాలనిపించింది. మా నాన్న మీద మా పెదనాన్న పొలం గట్టు కేసు వేసినప్పుడు కూడా, ముందు రోజు ఇంటికొచ్చి, రేపు కోర్టుకు పోతున్నా తమ్ముడూ అని చెప్పి, అన్నం తిని వెళ్లాడు. చెప్పకుండా సొంతవాళ్ల మీద కేసు పెడితే అది వెన్నుపోటు. చెప్పి పెడితే వ్యవహారం. అందుకని బాబీ ఇంటికి వెళ్లాను.

“బాబీ, రేపు పొద్దున స్టేషన్‌కి పోయి నీ మీద ఫిర్యాదు ఇస్తన్నా. చెప్పకుండా ఇవ్వడం బాగుండదని వచ్చా.”

వాడు “కూర్చో అన్నా, చాయ్ తాగు,” అని లోపలికి వెళ్లాడు. నేను కూర్చున్నాను. తెచ్చింది చాయ్ కాదు.

నేను ఫిర్యాదు ఇవ్వాల్సిన పని లేకుండా పోయింది. ఆసుపత్రి వాళ్లే కబురు పెట్టారు, పోలీసులు వచ్చి మంచం పక్కన కూర్చుని రాసుకున్నారు. దవడ కదలక నేను వేళ్లతో చెప్పాను. ఎందుకు కొట్టాడు అని అడిగితే, చెల్లెలి మొగుడితో రాజీ పడినందుకు అని కాగితం మీద రాసి చూపించాను. ఆ కానిస్టేబుల్ కొత్తవాడు. అదేం కారణమండీ అన్నాడు.

ఎఫ్ఐఆర్ కాపీ, డాక్టరు చీటీ ఇందులో ఉన్నాయి. కాలేషా గారే తిరిగి తెచ్చారు. రోజూ ఒంటిపూట వచ్చి కూర్చుంటున్నారు. “ఇప్పుడు తెలిసిందా నా భుజం సంగతి?” అని అడిగారు. తెలిసిందని తల ఊపాను.

ఈ కాగితాలు పనికొస్తాయనుకుంటాను. షెర్లీకి నేను బండి మీద నుంచి పడ్డానని చెప్పు.

ఆరోగ్యస్వామి


లీడ్స్,
30 జులై 2025

బావా,

ఇక గారు తీసేస్తున్నాను.

హోదా ఇచ్చారు.

కోర్టులో మాకు ఎదురు వాదించినాయన మీ రాజీ ఆర్డరు ఎత్తి పట్టుకున్నాడు. శత్రువే రాజీ పడ్డాక భయం దేనికని అడిగాడు. అప్పుడు లాయరమ్మ లేచి, రాజీ పడినవాడికి ఏం జరిగిందో ఇది చూడండని ఎఫ్ఐఆర్ ఇచ్చారు. కొట్టినవాడు హైదరాబాద్ దాకా మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాడేనని కూడా చెప్పారు. జడ్జిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. నన్ను అడిగారు, మీ బావ మీకు శత్రువా అని. కాదన్నాను. మరి ఎవరి వల్ల భయం అన్నారు. శత్రుత్వం మానేసినవాడిని కొట్టినవాళ్ల వల్ల అన్నాను. తెనాలి ఆమె దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం నీళ్లు తాగింది. నువ్వు రాజీ పడకపోతే ఓడిపోయేవాళ్లమేమో. పడి క్షేమంగా ఉన్నా ఓడిపోయేవాళ్లం. మా కోసం నువ్వు సరిగ్గా ఎంత దెబ్బ తినాలో అంతే తిన్నావు.

కాగితం వచ్చిన రోజు ఏం చేశామో చెప్పనా? ఏమీ చేయలేదు. నేను మంచం మీద పడుకుని లేవలేదు. జబ్బేమీ కాదు. ఎవరో వెనక నుంచి తోస్తున్నంత సేపూ నడిచాను, తోయడం ఆపేసరికి కాళ్లు ఎందుకో తెలియలేదు. హోదా వచ్చింది కాబట్టి హోటల్ గది ఖాళీ చేయాలన్నారు. అప్పుడు లేచాను.

ఇప్పుడు ఒక గది అద్దెకు తీసుకున్నాం. మోటార్లు బాగుచేసే షాపులో చేరాను. మొదటి రోజు కాయిల్ చుడుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కవాడు పొగ వల్ల అనుకున్నాడు.

షెర్లీ సంచి సర్దడం మానేసింది. నిన్న మధ్యాహ్నం పాపతో ఆడుతూ అలాగే నిద్రపోయింది. మాత్ర లేకుండా. నేను కదలకుండా కూర్చున్నాను.

సుహైల్


నడికుడి,
14 సెప్టెంబర్ 2025

బావా,

నీ ఉత్తరం పట్టుకుని కాలేషా గారి దుకాణానికి వెళ్లాను. ఇద్దరం అక్కడున్న వాళ్లందరికీ జిలేబీ పంచాం. దేనికని అడిగారు. మా చెల్లెలికి ఇక్కడ ప్రాణాపాయమని అక్కడి కోర్టు ఒప్పుకుంది అని చెప్పలేక, పరుపుల బేరం కుదిరిందన్నాం.

ఇక్కడి సంగతులు రెండు. బాబీ బెయిలు మీద వచ్చాడు. పెద్దమనుషులు రాజీ రాజీ అని తిరుగుతున్నారు. ఫాదర్ గారు కూడా మొన్న ప్రసంగంలో క్షమించడం గురించి చెబుతూ నా వైపే చూశారు. మీ పని అయిపోయింది కదా, నాకూ మళ్లీ కోర్టు బస్సు ఎక్కాలంటే విసుగ్గా ఉంది. ఒక సంతకం పెట్టేస్తే పోతుందనిపిస్తోంది. నువ్వేమంటావు?

రెండోది అసలు సంగతి. నా మీద కేసు లేదు కాబట్టి పాస్‌పోర్టుకు పెట్టుకున్నాను. వచ్చాక మీ దగ్గరికి వస్తాను. వీసా ఫారం ఎలా ఉంటుందో నెట్ షాపులో తీయించి చూశాను. ఎవరిని చూడటానికి అని ఉంది. చెల్లెల్ని అని రాస్తాను. ఆమె పెళ్లికి నేను చీర పెట్టలేదు. మంగళగిరి చీర ఒకటి కొని ఉంచాను, రంగు వంకాయది. షెర్లీ చేత రెండు ముక్కలు రాయించు. ఇన్ని ఉత్తరాల్లో ఆమె రాత ఒక్కసారీ చూడలేదు.

నీ బావ,
ఆరోగ్యస్వామి


లీడ్స్,
23 నవంబర్ 2025

బావా,

ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు తీసుకున్నాను.

ముందు వీసా సంగతి. ఆ ఫారం నింపకు. ఇక్కడి రికార్డుల్లో నీ పేరు ఎక్కడెక్కడ ఉందో నీకు చెప్పాను. నువ్వు మా అతిథిగా వస్తున్నావని ఎవరైనా చూస్తే, మేము ఎవరి నుంచి దాక్కున్నామని అడుగుతారు. మాకు ఇచ్చింది ఐదేళ్లకే. ఆ తర్వాత మళ్లీ చూస్తారు. ఈ లోపల రూల్స్ ఇంకా బిగిస్తారని పేపర్లో రోజూ ఉంటోంది. బాబీతో రాజీ గురించి నేనేమీ అనను. నీ దవడ, నీ ఊరు. నీ ఇష్టం.

రెండోది చెప్పడం కష్టం. షెర్లీ బాగుంది. ఒక బడి వంటగదిలో పని చేస్తోంది, పాపతో ఇంగ్లీషులో పోట్లాడుతోంది. ఇది నిజం. దీంతో పాటే ఇంకొకటి వచ్చింది. హోదా కోసం ఎదురుచూసినన్నాళ్లూ ఆమె నిన్ను తలుచుకుని ఏడ్చేది, అన్న దగ్గరికి పోదామనేది. అన్న అంటే జడలు వేసినవాడు, సైకిల్ మీద బడికి తీసుకెళ్లినవాడు. ఇక్కడ నిలబడ్డాక, ఎవరూ పంపేయరని తేలాక, గొడ్డలి పట్టుకున్న అన్న కనిపించడం మొదలుపెట్టాడు. చీర సంగతి చదివి వినిపిస్తుంటే, వస్తున్నాడా అని లేచి వెళ్లి తలుపుకు గొళ్లెం పెట్టింది. ఇప్పుడు వెనకవైపు తెలుగులో నీ చిరునామా ఉన్న కవరు వస్తే తను ముట్టుకోదు, పాపనూ ముట్టుకోనివ్వదు.

డాక్టరును అడిగాను. చాలామందిలో ఇలాగే చూశానన్నాడు. ప్రాణం గట్టున పడేదాకా మనసు వెనక్కి తిరిగి చూడదట. పడ్డాక చూస్తుందట. ఇది తగ్గుతుందన్నాడు. ఎప్పటికి అంటే, ఆమెకు ఇక్కడ ఎంత నిలకడ ఉంటే అంత తొందరగా అన్నాడు.

కాబట్టి బావా, కొంతకాలం ఇంటికి ఉత్తరం రాయకు. ఆమె నిన్ను ద్వేషించడం లేదు. ఆ మాట ఆమే చెప్పమంది.

నా షాపు చిరునామా కింద ఇచ్చాను. అవసరమైతే అక్కడికి రాయి.

సుహైల్


నడికుడి,
8 ఫిబ్రవరి 2026

బావా,

షాపు చిరునామాకే రాస్తున్నాను. నువ్వు చెప్పింది అర్థమైంది. ఆమెకు భయం వేయడం న్యాయమే. వేయాల్సిన రోజున పారిపోవడంలో పడి, తీరిక లేకపోయింది.

నిన్న బాబీ పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని కాటా దగ్గరికి వచ్చింది. లారీలు ఆగిపోయాయి. అందరి ముందూ అడిగింది.

“బావా, ఒక్క సంతకం పెట్టు బావా. తప్పయిందని ఆయన నీ కాళ్లు పట్టుకుంటానంటన్నాడు.”

“పెట్టనమ్మా.”

“ఏంది బావా ఇది? ఆ పరుపులాయనతో రాజీ పడ్డావు. సొంత రక్తంతో పడవా?”

“పడను.”

“నీదేం గుండె బావా, రాయా?”

డ్రైవర్లు నావైపు అదోలా చూశారు. పిల్లలకు బిస్కట్లు కొనిచ్చి పంపించాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఫాదర్ గారు ఇంటికి వచ్చి, కక్ష మనిషిని లోపలి నుంచి తినేస్తుంది స్వామీ అన్నారు. అవునండీ అన్నాను. మీ ఐదేళ్లు అయ్యాక మళ్లీ చూసే రోజుకు ఈ కేసు ఉండాలని వద్దంటున్నట్టు ఎవరికీ చెప్పలేను. చెబితే ఇంకో కోర్టుకు తెలుస్తుంది. కాలేషా గారికి మాత్రం తెలుసు. ఆయన నాతో బస్సులో వస్తానన్నారు, ఊరికే తోడుకు.

బాబీ మారాడో లేదో నాకు తెలియదు. మారాడేమో కూడా. నేను మారడానికి ఐదేళ్లు పట్టింది కాబట్టి వాడికీ అంతే గడువు ఇస్తున్నాను. ఈ లోపల ఎన్ని వాయిదాలు వచ్చినా వెళ్తాను. ఫిర్యాది వైపు బెంచీకి ఫ్యాను ఉంది, ఆ సుఖం ఉంది.

చీర కాలేషా గారి కోడలికి ఇచ్చేశాను. పెట్టెలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పంపాలనిపిస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తు కూడా వెనక్కి తీసుకున్నాను. ఎందుకు వద్దంటున్నారు అని ఆఫీసులో అడిగారు. వెళ్లే పని లేదన్నాను.

ఇక నేను రాయను. నువ్వు కూడా, ఏదైనా ఉంటే తప్ప, రాయకు. షెర్లీ ఎప్పుడైనా గొళ్లెం పెట్టడానికి లేస్తే ఆమెకు చెప్పు: మీ అన్న నడికుడిలోనే ఉన్నాడు, వాడికి పాస్‌పోర్టు లేదు.

ఆరోగ్యస్వామి